నా హెర్రింగ్ పిల్లలన్నీ ఫిబ్రవరికల్లా చచ్చిపోతున్నాయి, తప్పు ఎక్కడుంది?

అలలలెక్క
పది రోజులుగా దీనితో కుస్తీ పడుతున్నా. అలాస్కాలోని సముద్రపు పాయ ప్రిన్స్ విలియం సౌండ్‌లో పసిఫిక్ హెర్రింగ్ పిల్లలు మొదటి శీతాకాలాన్ని ఎలా గట్టెక్కుతాయో లెక్కగట్టే చిన్న మోడల్ రాస్తున్నా. కోర్సు ప్రాజెక్టు, ఇంకో రెండు వారాల్లో ఇచ్చేయాలి.

శరత్తులో ఈ పిల్లల ఒంట్లో సగటున గ్రాముకి 5.7 కిలోజూళ్ళ శక్తి ఉంటుందట, శీతాకాలం దాటాక పట్టినవాటిలో 4.4 ఉంటుందట. ఈ రెండూ చదివి తెలుసుకున్నవి. మిగతావి నేను గుండ్రంగా పెట్టుకున్నవి: నవంబరు 1 నుంచి మేత సున్నా, రోజుకి గ్రాముకి 20 జూళ్ళ ఖర్చు, 3.5కి పడిపోతే చేప పోయినట్టే.

5.7లోంచి 3.5 తీసేస్తే 2.2. అంటే 2200 జూళ్ళు, రోజుకి 20 చొప్పున 110 రోజులు. ఫిబ్రవరి 19న గుంపు మొత్తం ఒకేరోజు హరీమంటోంది! వసంతపు మేత మొదలవడానికి మార్చి మధ్య దాకా ఆగాలి కదా. నిజంగా సముద్రంలో బతికినవి బతుకుతూనే ఉన్నాయి. నా దగ్గరే ఎందుకు చస్తున్నాయి?

చలిచీమ
టైటిల్ చూసి ఎవరి అక్వేరియమో పాడైందనుకుని, ఫిల్టర్ మార్చమని చెబుదామని పరిగెత్తుకొచ్చా. ఇక్కడ చూస్తే కాగితం మీద చేపలు.

నీలిగవ్వ
హెర్రింగ్ అంటే ఏ చేప? పేరు వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు.

మొప్పలు
@నీలిగవ్వ కవ్వల కుటుంబంలోదే. వెండిరంగు, గుంపులుగా తిరుగుతుంది, చల్లటి ఉత్తర సముద్రాల చేప. అట్లాంటిక్‌లో ఒక జాతి, పసిఫిక్‌లో ఒకటి. సముద్రపక్షులు, సీళ్ళు, తిమింగలాలు, పెద్ద చేపలు అన్నీ దీని మీదే పడతాయి. అందుకే పిల్లలు ఎన్ని బతికాయన్నది అందరి గొడవా అవుతుంది.

@అలలలెక్క మీ లెక్కలో కూడికలు, తీసివేతలు బాగానే ఉన్నాయి. తప్పు మొదటి లైనులోనే ఉంది. 5.7 అనేది సగటు. మీరు గుంపులో ప్రతి చేపకీ సగటు చొక్కా తొడిగేశారు.

పాతకాపు
అసలు శీతాకాలం దాకా ఎందుకు వెళ్ళారు? నార్వే చేపల శాస్త్రవేత్త హ్యోర్ట్ 1914లోనే చెప్పాడు, గుడ్డులోంచి వచ్చిన పిల్లకి పచ్చసొన అయిపోయి మొదటిసారి నోరు తెరిచే రోజుల్లో మేత దొరికిందా లేదా అన్నదాని మీదే తరం భవిష్యత్తు ఉంటుందని. నార్వేలో 1904లో పుట్టిన ఒక్క తరం హెర్రింగే ఏళ్ళ తరబడి వలల్లో పడుతూ వచ్చింది. మేలో తేలిపోయే విషయానికి ఫిబ్రవరిలో పోస్టుమార్టం దేనికి?

మొప్పలు
పాతకాపు గారూ, తలల లెక్కలో ఎక్కువ చావులు లార్వా దశలోనే, ఒప్పుకుంటా. కానీ అక్కడ గట్టెక్కినవన్నీ పెద్దవైపోతాయని లేదు. శీతాకాలం రెండో జల్లెడ. మొదటి జల్లెడలోంచి ఎన్ని జారినా రెండోదాని కన్నాలు సన్నగా ఉంటే మిగిలేవి కొన్నే.

గుడ్లగూబ
నార్త్ సీ హెర్రింగ్‌ని చూస్తే పాతకాపు గారి మాటా, మొప్పలు గారి మాటా రెండూ ఒకచోటే కలుస్తాయి. అక్కడ చాలా గుంపులు శరత్తులో గుడ్లు పెడతాయి, కాబట్టి శీతాకాలం దాటాల్సింది వేలెడంత పిల్ల కూడా కాదు, గాజుపుల్లలాంటి లార్వానే. 2002 నుంచి వరసగా తరాలు బలహీనంగా వచ్చాయి. గుడ్లు పెట్టే తల్లిచేపలకి కొరతేమీ లేదు, చిన్న లార్వాలు కూడా బాగానే కనబడ్డాయి. శరత్తుకీ శీతాకాలం చివరికీ మధ్యే ఎక్కువ రాలిపోయాయి.

పాతకాపు
సరే, ఆ సంగతి ఒప్పుకుంటున్నా. అలాస్కా సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

సున్నాడిగ్రీలు
పెద్ద హెర్రింగ్‌లు శీతాకాలమంతా దాదాపు ఉపవాసమే కదా? నార్వే చేపలు కొండల మధ్య సముద్రపు పాయలైన ఫ్యోర్డ్‌ల లోతుల్లోకి దిగి నెలల తరబడి ఏమీ తినకుండా గుంపులుగా ఉండేవి. అవి బతికినప్పుడు పిల్లలకేం రోగం?

మొప్పలు
రోగం కాదు, జేబు చిన్నది. శరత్తులో రెండేళ్ళు దాటిన చేపకి గ్రాముకి 9, 10 కిలోజూళ్ళ దాకా ఉంటుంది, ఆ ఏడు పుట్టినదానికి 5.7. దానికి తోడు చిన్న ఒంటికి గ్రాము లెక్కన ఖర్చు ఎక్కువ. 5 గ్రాముల పిల్ల గ్రాముకి ఖర్చుపెట్టేది 100 గ్రాముల చేపతో పోలిస్తే దాదాపు రెండింతలు. సగం నిల్వ, రెట్టింపు ఖర్చు. పెద్దదానికి ఉపవాసం, పిల్లకి పస్తు.

చలిచీమ
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అంటారు, వీటికి కొండ కూడా లేదు, పుట్ట.

నీలిగవ్వ
మరి ఎండాకాలమంతా మేత ఉంటుంది కదా, బాగా కొవ్వు పట్టించుకోవచ్చుగా?

మొప్పలు
మంచి ప్రశ్న. పిల్లచేప ముందున్న బేరం ఇది: దొరికిన మేతతో పొడవు పెరగాలా, కొవ్వు దాచాలా? చిన్నగా ఉంటే ప్రతి నోరూ మింగేస్తుంది, అందుకని వేసవిలో ముందు పొడవు పెరుగుతుంది. కొవ్వు పని ఆలస్యంగా, వేసవి చివర్లో, శరత్తులో మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పటికి అసలైన కొవ్వు మేత చేతికందకుండా పోతుంది. అక్కడి పెద్ద కోపిపాడ్లు (రొయ్యల బంధువులైన బుల్లి జీవులు), అంటే నియోకలానస్ రకాలు, వసంతంలో పైన మేసి ఒంటినిండా మైనంలాంటి కొవ్వు నింపుకుని వేసవి మధ్యకల్లా వందల మీటర్ల లోతుకి నిద్రకి వెళ్ళిపోతాయి. పిల్లలేమో ఒడ్డు దగ్గర చిన్న అఖాతాల్లో ఉంటాయి. వాటికి మిగిలేది చిన్న కోపిపాడ్లు, క్రిల్ అనే రొయ్యలాంటివి, ఇంకా ఒయికోప్లూరా లాంటి జిగురుబాపతు. కడుపు నిండుతుంది, కొవ్వు పట్టదు.

అందుకే ఆలస్యంగా పొదిగిన పిల్ల, మేత పలచగా ఉన్న ఖాతంలో ఇరుక్కున్న పిల్ల నవంబరుకి పొడవూ లేకుండా, కొవ్వూ లేకుండా తయారవుతుంది. 1990ల్లో పెద్ద ప్రాజెక్టు ఒకటి జరిగింది. సింప్సన్, వేల్, ఈగ్లెక్, జైకాఫ్ అని నాలుగు ఖాతాల్లో పిల్లల్ని పట్టి చూశారు. ఒకే సౌండ్‌లో ఉన్నా ఖాతానికీ ఖాతానికీ పిల్లల కండపుష్టిలో తేడా ఉంది.

అలలలెక్క
అయితే అందరికీ 5.7 తీసేసి 4.2 నుంచి 7.2 దాకా సమానంగా పరుస్తా. సగటు 5.7 అలాగే ఉంటుంది. నిజం పంపకం ఇలా గీత గీసినట్టు ఉండదని తెలుసు, ముందు ఇది చూద్దాం. రాత్రికి నడిపి పెడతా.

తిమింగలం_అభిమాని
మీరంతా కొవ్వు గురించే కొట్టుకుంటున్నారు. అసలు ఆకలితో చచ్చిన హెర్రింగ్ పిల్లని ఎవరైనా కళ్ళారా చూశారా? ప్రిన్స్ విలియం సౌండ్‌లో శీతాకాలంలో కూడా కొన్ని హంప్‌బ్యాక్ తిమింగలాలు వెచ్చటి నీళ్ళకి వెళ్ళడం మానేసి హెర్రింగ్ గుంపుల దగ్గరే తిష్ట వేస్తాయి. పొలాక్ చేపలు, మర్‌లు, మర్రెలెట్‌లు, కిట్టివేక్‌లు అనే సముద్రపక్షులు ఉండనే ఉన్నాయి. నా దృష్టిలో చంపేది నోరు, ఆకలి కాదు.

మొప్పలు
ఆ రెండింటినీ విడదీయడమే కష్టం. ట్యాంకులో ఉపవాసం పెడితే ఆకలితో చచ్చినవి కనబడతాయి, సీవార్డ్‌లో అలాంటి ప్రయోగాలు చేశారు. సముద్రంలో నీరసించిన చేప గుంపు అంచుకి జారుతుంది, మలుపు తిరగడంలో ఒక్క క్షణం వెనకబడుతుంది, ఎవరి నోట్లోనో పడుతుంది. శవం దొరకదు. మరణ కారణం కాలమ్‌లో ఏం రాస్తారు?

తిమింగలం_అభిమాని
ఇంకో కోణం కూడా ఉంది. మేత కోసం పైకి వస్తే నోళ్ళు కాచుకుని ఉంటాయి. కదలకుండా లోతులో దాక్కుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ రాబడి సున్నా. కొవ్వున్న చేప దాక్కోగలదు. లేనిది తెగించి పైకి రావాలి. కాబట్టి ఆకలి వల్లే నోటికి చిక్కుతుందంటే ఒప్పుకుంటా.

చలిచీమ
తెగించి బయటికెళ్తే తిమింగలం, ఇంట్లో ఉంటే పస్తు. ముందు నుయ్యి వెనక గొయ్యి, రెండింటి నిండా ఉప్పునీళ్ళు.

అలలలెక్క
నడిపా. నవంబరు 1 నుంచి మార్చి మధ్య దాకా 135 రోజులు, మేత ఇప్పటికీ సున్నాయే.

135 రోజులకి రోజుకి 20 జూళ్ళు చొప్పున 2.7 కిలోజూళ్ళు ఖర్చు. అంటే మొదట్లో 6.2 పైన ఉన్నవే గట్టెక్కాయి, మూడింట ఒక వంతు. 4.5తో మొదలైనది డిసెంబరు 21కే పోయింది. ఒకేరోజు అందరూ చావడం ఆగింది, సంతోషం.

కానీ కొత్త తలనొప్పి వచ్చింది. మిగిలినవాటి సగటు మార్చిలో 4.0 వస్తోంది. నిజం చేపల్లో 4.4. ఆ 0.4 ఎక్కడినుంచి వస్తుంది?

సున్నాడిగ్రీలు
శీతాకాలపు చిల్లరమేత. పిల్లలు తింటాయి, కొద్దిగా. పొట్టలు కోసి చూస్తే చాలావరకు ఖాళీగా ఉంటాయి, కొన్నిట్లో ఏదో ఉంటుంది.

పాతకాపు
ఆ "కొద్దిగా"కి ఇంత రాద్ధాంతమా? ఖాళీ పొట్టలు అంటూనే మేత కీలకం అంటారు. 0.4కి 135 రోజులు అంటే రోజుకి గ్రాముకి 3 జూళ్ళు. ఖర్చులో ఆరో వంతు కూడా కాదు.

అలలలెక్క
నేనూ అదే అనుకుని 3 జూళ్ళు కలిపా పాతకాపు గారూ. సగటు 4.4 రాలేదు, 4.2 దగ్గర ఆగింది. గంటసేపు కోడ్‌లో తప్పు వెతుక్కున్నా. తప్పేమీ లేదు. ఖర్చు 20 నుంచి 17కి దిగేసరికి ఇంతకుముందు చచ్చిన బక్కచేపలు బతకడం మొదలుపెట్టాయి. అవి మార్చికి 3.6, 3.7తో ఈడ్చుకుంటూ వచ్చి సగటుని కిందకి లాగేస్తున్నాయి!

6 జూళ్ళు పెడితే అప్పుడొచ్చింది 4.4. వరసగా చూడండి:
మేత సున్నా అయితే 33 శాతం బతికాయి, సగటు 4.0.
మేత 3 అయితే 47 శాతం, సగటు 4.2.
మేత 6 అయితే 60 శాతం, సగటు 4.4.

మొప్పలు
ఇది చూసి కుర్చీలోంచి లేచా. ఏళ్ళ తరబడి మార్చి చేపల సగటు తీసి "ఈ ఏడాదికీ పోయినేడాదికీ పెద్ద తేడా లేదు, మేత అటూఇటుగా ఒకలాగే ఉంది" అని రాసుకునేదాన్ని. మీ లెక్కలో సగటు 4.0 నుంచి 4.4కి కదిలిందంతే, బతికినవి దాదాపు రెట్టింపయ్యాయి. మనం వలేసి పట్టేది బతికినవాటినే. మేత లేక పోయినవి సగటులోకి రానే రావు.

నా సొంత గోడు ఒకటి. ఒక ల్యాబ్‌లో (పేరెందుకు లెండి) చేపని ఎండబెట్టి, పొడికొట్టి, చిన్న మాత్ర చేసి, బాంబ్ కెలోరీమీటర్‌లో కాల్చి అందులో ఎంత శక్తి ఉందో కొలిచేవాళ్ళం. ఒక శీతాకాలపు నమూనాలు ఉన్న ఫ్రీజర్ రాత్రికిరాత్రి ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది సగటు పోయిందని. ఇప్పుడనిపిస్తోంది, అసలు పోగొట్టుకున్నది ఒక్కో చేప అంకె అని. ఒక్కో చేప అంకె ఉంటే కింది కొసన, 3.5 పక్కన, ఎన్ని గుమిగూడాయో తెలిసేది. మేత సంగతి ఆ కొస దగ్గర కనబడుతుంది.

పాతకాపు
6 జూళ్ళంటే ఎంత మేత? కోపిపాడ్ల లెక్కలో చెప్పండి. జూళ్ళు నాకు కడుపుకి ఆనవు.

అలలలెక్క
5 గ్రాముల పిల్లకి రోజుకి 30 జూళ్ళు. చిన్న కోపిపాడ్ ఒకదానికి 0.2 జూల్ అనుకుంటే 150. అరగనిది, వృథా కలిపితే 200 దాకా. రోజూ.

సున్నాడిగ్రీలు
చిన్న క్రిల్ ఒక్కటి దొరికినా రెండు మూడు రోజుల కూలి వచ్చినట్టే. అందుకే ఖాళీ పొట్టలు చూసి మోసపోకూడదు. పదింట్లో ఆరు ఖాళీగా ఉండి నాలుగింట్లో క్రిల్ ఉంటే, ఆ రోజుకి గుంపు గడిచినట్టే. పాతకాపు గారు అడిగిన "కొద్దిగా" అదే.

ఉష్ణోగ్రత మర్చిపోయారు. నీళ్ళు 2 డిగ్రీలు వెచ్చబడితే, పది డిగ్రీలకి ఖర్చు రెట్టింపు అనే మామూలు లెక్క ప్రకారం 15 శాతం పెరుగుతుంది. 20 కాస్తా 23.

అలలలెక్క
పెట్టా. మేత 6, ఖర్చు 23. మళ్ళీ 47 శాతానికి దిగింది! రెండు డిగ్రీలు సగం మేతని తినేశాయి.

నీలిగవ్వ
అంటే చలి చంపదు, వెచ్చదనం చంపుతుందా? తలకిందులుగా ఉందే.

సున్నాడిగ్రీలు
మరీ గడ్డకట్టే చలి చంపగలదు. అది పక్కన పెడితే, మేత లేని చేపకి చల్లటి నీళ్ళే పొదుపు. అయితే వెచ్చటి ఏడాది అంటే పిల్లలు ఖాయంగా పోతాయని కాదు. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో పెద్ద వేడిగాలం, సముద్రపు నీళ్ళు మామూలుకంటే వేడెక్కిపోవడం, అదేనండీ జనం "బ్లాబ్" అన్నది. దాని తోక దగ్గర, 2016లో పుట్టిన తరం ప్రిన్స్ విలియం సౌండ్‌లో బలంగా నిలదొక్కుకుంది. 2019లో మూడేళ్ళ చేపలుగా కనబడింది. ఖర్చు ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు.

చలిచీమ
వేడిగాలులు అనాలి బాబూ, గాలం అంటే చేపలు పారిపోతాయి.

సున్నాడిగ్రీలు
ఫోన్ కీబోర్డు. వదిలేయండి, ఇక్కడ అదే బాగుంది.

తిమింగలం_అభిమాని
అక్కడ హెర్రింగ్ అనగానే 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికించడం గుర్తొస్తుంది. చేపలు చమురు వల్లే పోయాయి కదా? ఈ మేత గొడవంతా దేనికి?

గుడ్లగూబ
చమురు 1989లో, పతనం కనబడింది 1993లో. మధ్యలో నాలుగేళ్ళు. అందుకే ఆ తగువు అంత పొడుగు సాగింది. చమురని కొందరు, వైరస్ జబ్బని కొందరు, గుంపు ఎక్కువై మేత చాలక కండ తగ్గి జబ్బుకి దొరికాయని ఇంకొందరు. కారణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉండొచ్చు. పతనానికి కారణం ఏదైనా, తర్వాత ఎందుకు కోలుకోలేదన్న ప్రశ్న వేరు. పిల్లల శీతాకాలం పనికొచ్చేది ఆ రెండో ప్రశ్నకి. 1999 నుంచి చాలాకాలం వేట మూసేసినా పాత సంఖ్య రాలేదు మరి.

పాతకాపు
గుడ్లగూబ చెప్పింది సబబే. అలలలెక్క, మీ మోడల్‌లో ఇంకో తప్పు పట్టనా? అన్ని చేపలకీ ఒకటే ఖర్చు పెట్టారు. 3 గ్రాములదానికీ 8 గ్రాములదానికీ 20 జూళ్ళేనా? పైగా పస్తున్న చేప ఖర్చు తగ్గించుకుంటుంది, మొదటివారం ఖర్చే చివరివారం దాకా ఉండదు.

అలలలెక్క
రెండూ నిజమే. బరువు బట్టి ఖర్చు రేపు పెడతా. పొడవుకీ కొవ్వుకీ లంకె కూడా పెట్టాలి, పొట్టివే బక్కవి కూడా కాబట్టి.

మొప్పలు
పెట్టేటప్పుడు ఇంకోటి. మార్చిలో సగటు పొడవు పెరిగిందని శీతాకాలంలో చేపలు పెరిగాయి అనుకోకండి. పొట్టివి పోయినా సగటు పొడవు పెరుగుతుంది. ఇందాకటి మోసమే, ఈసారి పొడవు వేషంలో.

నీలిగవ్వ
కెలోరీమీటర్ లేనివాళ్ళు చేప బక్కదో కాదో ఎలా తెలుసుకుంటారు? బరువు తూచితే చాలా?

మొప్పలు
పచ్చి బరువు మోసం చేస్తుంది. కొవ్వు కరిగినచోట నీళ్ళు చేరతాయి, చేప చూడ్డానికి అలాగే ఉంటుంది. ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టి, పచ్చి బరువులో పొడి బరువు ఎంత శాతమో చూడండి. ఆ శాతం శక్తితో బాగా కలిసి నడుస్తుంది. ఒక తూకం, ఒక ఓవెన్, బోలెడు ఓపిక.

అలలలెక్క
బరువు బట్టి ఖర్చు, బరువు బట్టి మేత పెట్టేశా. ఇప్పుడు ఒక చేప మార్చికి 9 కిలోజూళ్ళతో వచ్చింది. శీతాకాలంలో లావెక్కిన హెర్రింగ్!

చలిచీమ
దాన్ని నాకు పంపండి, అక్వేరియం ఖాళీగానే ఉంది.

సున్నాడిగ్రీలు
మేతకి పైకప్పు పెట్టలేదు మీరు. అక్కడ డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు, ఇవేమో ఎక్కువగా కళ్ళతో చూసి పట్టుకునేవి. మేత ఎంత పోసినా చీకట్లో తినగలిగినంతే తింటాయి. పగటి గంటలతో గుణించి మళ్ళీ నడపండి.

అలలలెక్క
నడుస్తోంది. ఇంకా డిసెంబరు 3 దగ్గరే ఉంది, ఇప్పటికి నలభై పోయాయి.